బూస్ట్ పెంచితే హెడ్ ఎందుకు లేస్తుంది: 4జీ63 ఇంజన్‌లో హెడ్ స్టడ్‌ల లెక్క

ఇంజన్ సిలిండర్లను పైన మూసే హెడ్‌ను పట్టి ఉంచే పాత బోల్టులు తీసేసి, వాటి స్థానంలో ఖరీదైన స్టడ్‌లు (బ్లాక్‌లో నిలబెట్టి పైన నట్టుతో బిగించే కడ్డీలు) వేసి, బిగింపు బలం మాత్రం మునుపటంతే ఉంచితే, హెడ్ ఏ ఒత్తిడి దగ్గర లేస్తుందో ఆ హద్దు ఏమాత్రం జరగదు. ఉక్కు ఎంత మేలురకమైనా, ఒకే మందం ఉన్న కడ్డీలు ఒకే బలానికి ఇంచుమించు ఒకేలా సాగుతాయి. మామూలు బోల్టు ఉక్కుకూ రేసింగ్ స్టడ్ ఉక్కుకూ స్థితిస్థాపక గుణకం 205 గిగాపాస్కల్ దగ్గరే ఉంటుంది. మేలురకం ఉక్కుతో వచ్చే తేడా వేరే చోట ఉంది: దాన్ని ఇంకా ఎక్కువ లాగవచ్చు, లాగినా అది శాశ్వతంగా సాగిపోకుండా తిరిగి తన పొడవుకు వస్తుంది. ఈ రెండింటినీ వాడుకోవడం పూర్తిగా బిగించే మనిషి చేతిలోనే ఉంటుంది. స్టడ్ పెట్టె మీద ఉన్న పేరుకంటే బిగించిన తీరే ఎక్కువ ఫలితం తేల్చుతుంది. అదెలాగో అంకెలతో చూడాలి.

అందుకు మిత్సుబిషి 4జీ63 టర్బో ఇంజన్ మంచి ఉదాహరణ. 1992 నుంచి 2007 దాకా లాన్సర్ ఎవల్యూషన్ మొదటి తొమ్మిది తరాలూ నడిచింది దీనితోనే. 1,997 సీసీ, 85 మి.మీ. బోరు, 88 మి.మీ. స్ట్రోకు, పోత ఇనుము బ్లాక్, అల్యూమినియం హెడ్, ఆ హెడ్‌ను పట్టి ఉంచే పది బోల్టులు. ఇవి తొలి రకాల్లో 12 మి.మీ., తరువాతి రకాల్లో 11 మి.మీ.; ఇక్కడి లెక్కలు 12 మి.మీ. వాటికి. ఎనిమిది, తొమ్మిదో తరాల్లో కంప్రెషన్ నిష్పత్తి 8.8:1, ఫ్యాక్టరీ బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి పీడనం) గరిష్ఠంగా 1.3 బార్ చేరువ. బ్లాక్ చాలా గట్టిది. కాబట్టి పెద్ద టర్బో వేసినవాళ్లకు ముందుగా ఎదురయ్యే ఇబ్బందుల్లో హెడ్ లేవడం ఒకటి.

సిలిండర్‌లో పేలుడు ఒత్తిడి హెడ్‌ను పైకి నెడుతుంది. హెడ్‌కూ బ్లాక్‌కూ నడుమ సీలుగా ఉండే గ్యాస్కెట్‌లో, బోరు చుట్టూ ఉండే ఫైర్ రింగు వ్యాసం సుమారు 87 మి.మీ. అనుకుంటే, ఆ వైశాల్యం 59 చదరపు సెంటీమీటర్లు. గరిష్ఠ ఒత్తిడి 100 బార్ అయితే పైకి నెట్టే బలం 59 కిలోన్యూటన్లు, అంటే ఆరు టన్నుల బరువు. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ ఈ దెబ్బ సెకనుకు 58 సార్లు కొడుతుంది. బూస్ట్‌ను 1.3 నుంచి 2.3 బార్‌కు పెంచితే, వాతావరణ పీడనం కూడా కలిపి చూసినప్పుడు లోపలికి వెళ్లే గాలి పీడనం 2.3 నుంచి 3.3కు, అంటే 43 శాతం పెరిగినట్లు. ఇగ్నిషన్ టైమింగ్ అలాగే ఉంచితే సిలిండర్ ఒత్తిడీ ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరిగి 140 బార్ దాటుతుంది. పైకి నెట్టే బలం 84 కిలోన్యూటన్లు అవుతుంది.

ఇక కిందికి పట్టి ఉంచే బలం. 12 మి.మీ. వ్యాసం, 1.25 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ఉన్న మరకు లాగుడు బలాన్ని మోసే వైశాల్యం 92 చదరపు మి.మీ. బోల్టు 10.9 తరగతిది అనుకుంటే, అది శాశ్వతంగా సాగడం మొదలుపెట్టే హద్దు 940 మెగాపాస్కల్, బలంలో చెప్పాలంటే 86 కిలోన్యూటన్లు. బిగించేటప్పుడు బోల్టు సాగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. ఆ మెలికకు పోయింది పోగా దక్కేది 75 కిలోన్యూటన్ల దగ్గర. మధ్య సిలిండర్ చుట్టూ నాలుగు బోల్టులున్నా ప్రతిదీ పక్క సిలిండర్‌తో పంచుకున్నదే. కాబట్టి ఆ సిలిండర్ వాటాకు వచ్చేది రెండు బోల్టుల బలం, 150 కిలోన్యూటన్లు.

150కీ 84కీ చాలా తేడా ఉంది కదా, మరి హెడ్ ఎందుకు లేస్తుంది? బిగింపు గ్యాస్కెట్ అంతటా సమానంగా పడదు కనుక. బోల్టుకు దగ్గరగా ఎక్కువ, రెండు బోల్టుల నడుమ తక్కువ. అల్యూమినియం హెడ్ కొద్దిగా వంగుతుంది కూడా. పైగా ఈ 150లో కొంత కూలెంట్, ఆయిల్ దారుల చుట్టూ సీలు నిలపడానికే ఖర్చయిపోతుంది. ఫైర్ రింగు మీద అతి తక్కువ నొక్కుడు ఉన్న చోటు, అంటే రెండు బోల్టుల సరిగ్గా నడుమ భాగం, ముందుగా వదిలేస్తుంది. దీనికి నాకింగ్ (ఇంధన మిశ్రమం అదుపు తప్పి పేలడం) తోడైతే లెక్కలన్నీ తలకిందులవుతాయి, ఎందుకంటే ఆ క్షణంలో ఒత్తిడి మామూలు గరిష్ఠాన్ని మించి ఒక్కసారిగా ఎగురుతుంది.

ఫ్యాక్టరీ బోల్టుతో అసలు చిక్కు

ఈ ఇంజన్ తరువాతి రకాలకు ఫ్యాక్టరీ చెప్పిన బిగింపు పద్ధతి ఇది: ముందు 78 న్యూటన్ మీటర్లకు బిగించాలి, పూర్తిగా వదులు చేయాలి, మళ్లీ 20కి బిగించాలి, ఆపైన 90 డిగ్రీలు, ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. ఇలా కోణంతో బిగించడం వల్ల బోల్టును దాని సాగే హద్దు అంచు దాకా తీసుకెళ్లవచ్చు. ఘర్షణ ఎంత మారినా పది బోల్టుల్లోనూ బలం ఒకేలా వస్తుంది. ఫ్యాక్టరీ బూస్ట్‌కు ఇది చక్కటి పద్ధతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తగదు.

అయితే హద్దు అంచున ఉన్న బోల్టుకు మిగులు ఉండదు. హెడ్ ఒక్కసారి లేవబోతే ఆ అదనపు లాగుడుకు బోల్టు శాశ్వతంగా కొంత సాగిపోతుంది, బిగింపు తగ్గుతుంది. మరుసటిసారి ఇంకా తక్కువ ఒత్తిడికే లేస్తుంది, ఇంకొంచెం సాగుతుంది. మొన్న 1.9 బార్ దగ్గర బాగానే ఉన్న ఇంజన్ ఇవాళ 1.6 దగ్గరే కూలెంట్ కక్కడానికి కారణం చాలాసార్లు ఇదే.

8740 అనే క్రోమోలీ ఉక్కుతో చేసిన స్టడ్‌ను తీసుకుంటే దాని తెగే బలం సుమారు 1,380 మెగాపాస్కల్, సాగే హద్దు సుమారు 1,240. హద్దులో 75 శాతానికి బిగిస్తే ఇదే 12 మి.మీ. మందానికి 85 కిలోన్యూటన్ల బిగింపు వస్తుంది, పైన ఇంకో 29 కిలోన్యూటన్ల మిగులు ఉంటుంది. హెడ్ ఒకసారి లేచినా స్టడ్ స్ప్రింగులా తిరిగి లాక్కుంటుంది, బిగింపు పోదు.

75 నుంచి 85కు పెరుగుదల ఎంత? పదమూడు శాతం. ఈ పని మొత్తంలో గుర్తుంచుకోవలసిన అంకె ఇదే. మరలో మురికి, తప్పు నూనె, వాషర్ కింద రంగు పొర, వీటిలో ఏ ఒక్కటైనా పదమూడు శాతాన్ని తినేయగలదు. అప్పుడు కొత్త స్టడ్‌లున్న ఇంజన్ పాత బోల్టులకంటే తక్కువ బిగింపుతో రోడ్డెక్కుతుంది.

ఏ ఉక్కు?

ఈ రంగంలో ఎక్కువగా వాడే అమెరికా కంపెనీ ఏఆర్‌పీ స్టడ్‌లలో 8740 తరువాతి మెట్టు ఏఆర్‌పీ 2000, తెగే బలం సుమారు 1,517 మెగాపాస్కల్. ఆ పైన ఎల్19, కస్టమ్ ఏజ్ 625 ప్లస్ రెండూ సుమారు 1,790. ఎల్19తో జాగ్రత్త అవసరం. తేమ తగిలితే హైడ్రోజన్ వల్ల అది పెళుసుబారి, ముందుగా ఏ సూచనా లేకుండా పుటుక్కున తెగుతుంది. దాన్ని ఎప్పుడూ నూనె పూతతోనే ఉంచాలి, వట్టి చేతులతో తాకకూడదు, కూలెంట్ తగిలే చోట వాడకూడదు. 625 ప్లస్ మిశ్రలోహానికి ఈ బాధ లేదు, ధర మాత్రం ఎక్కువ. రోజూ నడిపే, 2 బార్ అటూఇటూ బూస్ట్ పెట్టే 4జీ63కి 8740 లేదా 2000 చాలు. ఆపై మెట్టు డ్రాగ్ రేసు ఇంజన్ల కోసం.

బోల్టు బదులు స్టడ్ ఎందుకు అన్నదానికి కారణం స్పష్టమే. స్టడ్ బ్లాక్‌లో కదలకుండా నిలబడుతుంది, తిరిగేది పైన సన్న మర మీద ఉన్న నట్టు ఒక్కటే. కాండం మీద మెలిక బాగా తగ్గుతుంది, బ్లాక్ మర అరగదు. హెడ్ పదేపదే విప్పే ఇంజన్‌కు ఈ రెండో లాభమే పెద్దది. భారత్‌లో 2010లో అమ్మకానికి వచ్చిన పదో తరం ఎవల్యూషన్‌లోని 4బీ11 ఇంజన్ బ్లాక్ కూడా అల్యూమినియమే కాబట్టి అక్కడ ఇది మరీ ముఖ్యం. స్టడ్ బ్లాక్‌లోకి ఎంత లోతు దిగాలన్నదానికి వాడుకలో ఉన్న కొలత: ఇనుములో వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు. 12 మి.మీ. స్టడ్‌కు 18, 24 మి.మీ. అన్నమాట.

స్టడ్‌లకు ఒక అసౌకర్యం ఉంది. హెడ్‌ను నిట్టనిలువుగా స్టడ్ పొడవంతా ఎత్తితేగానీ బయటికి రాదు. సుబారు ఈజే వంటి పడుకున్న ఇంజన్లలో పక్కనున్న ఛాసిస్ అడ్డం వస్తుంది కాబట్టి స్టడ్‌లు వేయాలంటే ఇంజన్ దించుకోవడమే మేలు.

బిగించే ముందు

సగం పని బ్లాక్ రంధ్రాల శుభ్రతలోనే ఉంది. పాత మరలో తుప్పు, గట్టిపడిన నూనె ఉంటాయి. వాటిని తీయడానికి మర కోసే ట్యాప్ వాడకూడదు, అది లోహాన్ని కూడా గీకేసి మరను వదులు చేస్తుంది. మర శుభ్రం చేయడానికే ఉన్న ఛేజర్ వాడాలి. తరువాత బ్రేక్ క్లీనర్ కొట్టి, గాలి పెట్టి ఊది, మళ్లీ క్లీనర్ కొట్టాలి. అడుగు మూసుకున్న రంధ్రంలో నూనె గానీ నీళ్లు గానీ మిగిలితే, స్టడ్ దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాక్ చీలిపోవచ్చు. కొన్ని ఇంజన్లలో, ఉదాహరణకు షెవర్లే స్మాల్ బ్లాక్‌లో, ఈ రంధ్రాలు నీటి జాకెట్‌లోకి తెరుచుకుంటాయి. అక్కడ స్టడ్ కింది మరకు సీలెంట్ తప్పనిసరి.

బ్లాక్ డెక్ (హెడ్ కూర్చునే పైతలం), హెడ్ రెండింటికీ స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడాలి. ఎటుచూసినా 0.05 మి.మీ. మించి వంపు ఉండకూడదు. మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్ వేస్తుంటే పైతలం నునుపు కూడా ముఖ్యమే, సగటు గరుకుదనం 1.3 మైక్రాన్లు దాటకూడదు. చేత్తో సాండ్ పేపరు రుద్దిన డెక్ మీద ఆ గ్యాస్కెట్ నిలవదు. మంచి మెషిన్ షాపులో సర్ఫేసింగ్ చేయించడమే మార్గం.

బోర్లు హోనింగ్ (లోపలి గోడలను రాపిడితో సరిచేయడం) చేయించేటట్లయితే స్టడ్‌లు ముందే కొని షాపుకు ఇవ్వాలి. పది స్టడ్‌లు 85 కిలోన్యూటన్ల చొప్పున లాగితే బోర్ల పైభాగం ఆకారం మైక్రాన్లలో మారుతుంది. హెడ్ బదులు బిగించే మందపాటి పలకను, అంటే టార్క్ ప్లేటును, అవే స్టడ్‌లతో, అదే రకం గ్యాస్కెట్‌తో, అదే టార్క్‌కు బిగించి హోనింగ్ చేస్తేనే, ఇంజన్ కట్టాక బోరు గుండ్రంగా ఉంటుంది. పాత బోల్టులతో హోనింగ్ చేయించి తరువాత స్టడ్‌లు వేస్తే రింగులు సరిగా ఆనక ఆయిల్ పొగ మొదలవుతుంది. నింద మాత్రం టర్బో మీద పడుతుంది.

స్టడ్‌ను బ్లాక్‌లోకి వేళ్లతో తిప్పి దించాలి. పై కొనలో అలెన్ కీ గాడి ఉంటే, అది తేలిగ్గా ఆనించడానికే. గట్టిగా బిగించడానికి కాదు. గట్టిగా బిగిస్తే మర మీద ముందే ఒత్తిడి పడుతుంది, స్టడ్ కొద్దిగా వాలుతుంది, హెడ్ రంధ్రం గోడకు రాసుకుంటుంది. గ్యాస్కెట్ పెట్టకముందే ఒకసారి వట్టి హెడ్‌ను దించి చూడాలి. అది బరువుకు దానంతటదే కిందికి జారాలి, హెడ్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు అడుగు తాకకూడదు, నట్టు పూర్తిగా దిగాక పైన ఒకటి రెండు మరలు బయటకు కనిపించాలి.

టార్క్ అనే పరోక్ష కొలత

టార్క్ రెంచ్ చూపించేది నట్టును తిప్పే బలాన్ని (టార్క్), బిగింపు బలాన్ని కాదు. పెట్టిన శక్తిలో సగం దాకా నట్టు కింది ఘర్షణకు, మరో నలభై శాతం మర ఘర్షణకు పోతుంది. స్టడ్‌ను సాగదీసేది మిగిలిన పది శాతమే. టార్క్ అంటే ఒక గుణకాన్ని వ్యాసంతోనూ బలంతోనూ గుణించిన విలువ, ఆ గుణకం నూనెను బట్టి మారుతుంది. మాలిబ్డినం లేదా స్టడ్ కంపెనీ సొంత లూబ్రికెంట్‌తో గుణకం 0.13 అయితే 125 న్యూటన్ మీటర్లకు 80 కిలోన్యూటన్ల బిగింపు వస్తుంది. పొడిగా బిగించి గుణకం 0.20 అయితే అదే 125కు వచ్చేది 52 మాత్రమే. రెంచ్ రెండుసార్లూ ఒకేలా క్లిక్‌మంటుంది. మూడో వంతు బిగింపు ఎక్కడా కనిపించకుండా పోతుంది.

కాబట్టి పెట్టెలోని కాగితంలో ఏ నూనెకు ఏ టార్క్ చెప్పారో దాన్నే పాటించాలి. ఇంజన్ ఆయిల్‌కు చెప్పిన పెద్ద అంకెను మాలీ (మాలిబ్డినం) పూతతో వాడితే స్టడ్ హద్దు దాటే ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీ కోణం పద్ధతిని స్టడ్‌లకు వాడకూడదు, ఆ కోణాలు ఫ్యాక్టరీ బోల్టు కోసం లెక్కించినవి. యూనిట్ల దగ్గరా పొరపాటు జరుగుతుంది. అమెరికా కాగితం ఫుట్ పౌండ్లలో ఉంటుంది, మన వర్క్‌షాపుల్లో చాలా రెంచ్‌ల మీద కేజీ మీటర్లుంటాయి. 90 ఫుట్ పౌండ్లంటే 122 న్యూటన్ మీటర్లు, 12.4 కేజీ మీటర్లు.

లూబ్రికెంట్ నట్టు మరకు, నట్టు కింది ముఖానికి, వాషర్ పై ముఖానికి రాయాలి. వాషర్ అడుగు పొడిగా ఉండాలి. అడుగున కూడా రాస్తే నట్టు బదులు వాషర్ తిరుగుతుంది, ఘర్షణ లెక్క మారుతుంది, మెత్తటి అల్యూమినియం గీసుకుపోతుంది. వాషర్‌కు ఒకవైపు అంచు చెక్కి ఉంటే ఆ వైపు పైకి రావాలి. హెడ్ మీద వాషర్ కూర్చునే చోట రంగు, పాత వాషర్ గుంట అంచున లేచిన బొబ్బ ఉంటే తీసేయాలి. 100 మి.మీ. సాగే పొడవున్న 12 మి.మీ. స్టడ్ 80 కిలోన్యూటన్లకు సాగేది దాదాపు 0.42 మి.మీ. మాత్రమే. వాషర్ కింద 0.05 మి.మీ. పొర నలిగిపోతే పన్నెండు శాతం బిగింపు పోయినట్టే.

బిగింపు మూడు విడతల్లో, నడుమ నుంచి కొసలకు. 122 చేరాలంటే 40, 80, 122. చివరి విడతలో ఆపకుండా ఒకే లాగుడుతో క్లిక్ దాకా తీసుకెళ్లాలి. మధ్యలో ఆగితే నిలిచిన నట్టును కదిపే ఘర్షణ ఎక్కువ కాబట్టి, బిగింపు రాకముందే రెంచ్ క్లిక్‌మంటుంది. అలా జరిగితే ఆ నట్టును వదులు చేసి మళ్లీ బిగించాలి. పాత రకం మాలీతో మొదటి బిగింపుల్లో ఘర్షణ మారుతూ ఉంటుంది కనుక, కొందరు మూడు నుంచి ఐదుసార్లు బిగించి వదిలి చివరిసారి పూర్తి చేస్తారు. ఇప్పటి లూబ్రికెంట్లతో అంత అవసరం లేదు. పని పూర్తయ్యాక క్యామ్ షాఫ్ట్‌లు చేత్తో తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో చూడాలి, ఎక్కువ బిగింపుకు హెడ్‌తోపాటు క్యామ్ దారులూ కొద్దిగా వంగుతాయి.

హెడ్ తీయకుండా ఒక్కో బోల్టు విప్పి ఒక్కో స్టడ్ వేసే దగ్గరి దారి కూడా వాడుకలో ఉంది. గ్యాస్కెట్ బాగున్న ఇంజన్‌లో అది పనిచేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ రంధ్రం సరిగా శుభ్రం చేయలేం, డెక్ చూడలేం. ఇప్పటికే ఒకసారి హెడ్ లేచిన ఇంజన్‌కు అది అస్సలు పనికిరాదు.

ఇంజన్ స్టార్ట్ చేశాక

మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్ చాలా తక్కువగా సర్దుకుంటుంది. అయినా ఒకసారి పూర్తిగా వేడెక్కించి, రాత్రంతా చల్లారనిచ్చి, నట్లు ఒక్కొక్కటే అదే క్రమంలో వదులు చేసి, లూబ్రికెంట్ రాసి మళ్లీ బిగించడం మంచి అలవాటు. గ్యాస్కెట్ కంపెనీ వద్దని చెబితే తప్ప దీన్ని వదలొద్దు. అన్నీ ఒకేసారి వదులు చేయకూడదు.

అల్యూమినియం హెడ్ ఉక్కు స్టడ్‌కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కాబట్టి ఇంజన్ వేడెక్కేకొద్దీ బిగింపు కొన్ని కిలోన్యూటన్లు పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడే బిగింపు అతి తక్కువ. స్టార్ట్ చేసిన రెండో నిమిషంలో ఫుల్ బూస్ట్ కొట్టడం ఆయిల్‌కే కాదు, గ్యాస్కెట్‌కూ చెడ్డది.

హెడ్ లేస్తోందని అనుమానం వస్తే కూలెంట్ వ్యవస్థకు ప్రెషర్ సెన్సర్ పెట్టి లాగ్ చేయడం ఉత్తమం. బూస్ట్ ఎక్కినప్పుడు కూలెంట్ ఒత్తిడి నిట్టనిలువుగా ఎగిరి, యాక్సిలరేటర్ వదలగానే తగ్గితే హెడ్ లేస్తోందన్నమాట. ఐడిలింగ్‌లో బుడగలు కనిపించకపోవచ్చు, తెల్ల పొగ రాకపోవచ్చు, కూలెంట్‌లో దహన వాయువును పట్టే, నీలం ద్రవంతో చేసే పరీక్ష కూడా ఏమీ పట్టకపోవచ్చు. హెడ్ తీసి చూస్తే ఫైర్ రింగు కాలిపోయి ఉండదు, రాపిడికి మెరుగెక్కిన మచ్చలుంటాయి. ఫైర్ రింగు విరిగి, స్పార్క్ ప్లగ్ మీద అల్యూమినియం చుక్కలు ఉంటే అది వేరే జబ్బు, డిటోనేషన్, అంటే పైన చెప్పిన నాకింగ్. దానికి స్టడ్‌లు మందు కావు. మామూలు బంకు పెట్రోలు మీద 2 బార్ బూస్ట్ పెట్టి టైమింగ్ ముందుకు జరిపితే, గ్యాస్కెట్ తట్టుకున్నా పిస్టన్ రింగు గట్టు విరుగుతుంది. ముందు ఆక్టేన్, టైమింగ్, లోపలికొచ్చే గాలి వేడి సరిచేసి, ఆ తరువాతే స్టడ్‌ల మాట.

12 మి.మీ. సరిపోని స్థాయికి వెళ్లేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి లావు స్టడ్. అర అంగుళం స్టడ్ సన్న మర వైపు వైశాల్యం 103 చదరపు మి.మీ., 12 మి.మీ.కంటే పన్నెండు శాతమే ఎక్కువ. 14 మి.మీ. అయితే 125, అంటే 35 శాతం ఎక్కువ. అందుకు బ్లాక్‌ను డ్రిల్ చేసి కొత్త మర కోయాలి, హెడ్ రంధ్రాలు పెంచాలి. కొన్ని ఇంజన్లలో బోల్టు రంధ్రం చుట్టూనే ఆయిల్ పైకి వెళుతుంది, లావు స్టడ్ ఆ దారిని ఇరుకు చేస్తుంది. డ్రిల్ అర డిగ్రీ వాలినా హెడ్ దిగదు కాబట్టి ఇది మిల్లింగ్ మెషిన్ మీద, బ్లాక్‌ను కట్టి చేసే పని, చేతి డ్రిల్ పని కాదు. రెండో దారి, బోరు చుట్టూ గాడి తీసి ఉక్కు తీగ కూర్చోబెట్టడం. బిగింపు మొత్తం పెరగదు గానీ, ఉన్న బిగింపు అవసరమైన సన్నటి గీత మీద కేంద్రీకరిస్తుంది. దాన్ని రాగి గ్యాస్కెట్‌తో కలిపి వాడతారు. అప్పుడు కూలెంట్ సీలు బలహీనపడి సీలెంట్‌తో సరిపెట్టుకోవలసి వస్తుంది కాబట్టి, రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది తగదు.